షఫీ బండి ఎనుకకు రాదు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఏ ఇంట్లో ముహూర్తం కుదిరినా, పెండ్లి చేయించే అయ్యగారి తర్వాత కబురు వెళ్ళేది షఫీయుద్దీన్‌కే. వంటవాడు మారినా ఫర్వాలేదు, బాజావాళ్ళు మారినా ఫర్వాలేదు. పిల్లను అత్తగారింట దించే బండి మాత్రం షఫీదే కావాలి. ఆయన చేతి మీదుగా వెళ్ళిన పిల్ల చల్లగా ఉంటుందని ఊళ్ళలో ఒక నమ్మకం. హిందువుల ఇండ్లలోనూ అదే మాట, తురకల ఇండ్లలోనూ అదే మాట. ఈ రోజుల్లో ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడే సంగతులు ఎన్ని ఉన్నాయి చెప్పండి.

ఈ పేరు ఊరికే రాలేదు. కుర్రతనంలో షఫీ మేడ్చల్ అడ్డా మీద గాలయ్య అనే పెద్ద డ్రైవరు దగ్గర పని నేర్చుకున్నాడు. మొదటి పెండ్లి కిరాయికి పంపేటప్పుడు గాలయ్య బీడీ పారేసి మరీ చెప్పాడట. "పోరగా, పెండ్లిపిల్ల ఎక్కినంక బండి ముందుకే పోవాలె. ఎనుక గేరు ఎయ్యొద్దు. నడుమల ఆపొద్దు. మలిపి తేవద్దు. బండి ఎట్ల పోతదో పిల్ల బతుకు గట్లనే పోతది."

గాలయ్య ఎందుకన్నాడో, ఆయనకు ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. షఫీ మాత్రం ఆ మాటను నమాజంత నిష్ఠగా పట్టుకున్నాడు. పెండ్లి రోజు తెల్లవారగానే వెళ్ళి ఆ ఇంటి దారంతా నడిచి చూసుకునేవాడు. బండి ఎక్కడ మలుపుకోవాలో, ఎటు మొహం పెట్టి నిలపాలో ముందే లెక్క కట్టేవాడు. ఒకసారి అలియాబాద్‌లో పిల్లను ఎక్కించుకుని బయల్దేరగానే ఎదురుగా బోరు లారీ అడ్డం పడింది. నాలుగడుగులు వెనక్కి తీస్తే పక్క సందులోంచి పోవచ్చు. షఫీ తీయలేదు. దిగి వెళ్ళి లారీవాడి గడ్డం పట్టుకుని బతిమాలి, ఆ లారీనే వెనక్కి పంపించాడు. ఆనాటి నుంచి ఆడవాళ్ళ నోట అది సామెత అయి కూర్చుంది. పిల్లను దీవించేటప్పుడు కూడా "షఫీ బండి ఎనుకకు రాదు బిడ్డా, నువ్వు సల్లగుంటవు" అనేవాళ్ళు. అది దీవెనే అని అందరూ అనుకున్నారు. షఫీ కూడా అనుకున్నాడు.

తన ఒక్కగానొక్క బిడ్డ సుమేరాకు నిఖా అయినప్పుడు కూడా ఆయనే నడిపాడు. అల్లుడు ఫైజ్‌ది కామారెడ్డి, అక్కడ బట్టల దుకాణం. వాళ్ళ ఇల్లు ఒక సన్నటి గల్లీ చివర ఉంది. కారు లోపలికైతే పడుతుంది గానీ మలుపుకునే జాగా లేదు, రావాలంటే వెనక్కే రావాలి. అందుకని షఫీ గల్లీ మొగదల్లోనే ఆపాడు. కొత్త పెండ్లికూతురు మేలిముసుగు సర్దుకుంటూ, మురికినీళ్ళ మోరీ మీది బండలు చూసుకుంటూ ఆ గల్లీ అంతా నడిచి వెళ్ళింది. బిడ్డ గడప దాటేదాకా చూసి, కండ్లు తుడుచుకుని, బండిని నేరుగా ఇంటికి తెచ్చేశాడు. నియమం తప్పలేదని ఆ కన్నీళ్ళలోనూ ఆయనకు తృప్తిగానే ఉండింది.

మూడేండ్లు గడిచాయి. ఫైజ్ తాగడు, కొట్టడు, తిట్టడం కూడా తక్కువే. ఆయనకున్న రోగం అనుమానం. మొదట సుమేరా బడిలో పాఠాలు చెప్పడం మాన్పించాడు. తర్వాత ఆమె ఫోను తన జేబులో వేసుకున్నాడు. ఈ ఏడు కొత్త పద్ధతి పట్టాడు. పొద్దున దుకాణానికి వెళ్ళేటప్పుడు బయటినుంచి తాళం వేసి, తాళంచెవి వెంట తీసుకుపోతాడు. పక్కింటావిడ పిట్టగోడ మీదుగా ఫోను అందిస్తే సుమేరా తండ్రికి చేసేది. వాళ్ళింట్లో మాటలు ఉర్దూలో సాగుతాయి, మనం తెలుగులో చెప్పుకుందాం.

"అబ్బా, ఒక్కసారి వచ్చి నన్ను తీస్కపో."

"సబర్ చెయ్ బేటీ, ఓపిక పట్టు. సంసారమన్నంక ఉంటయ్. అల్లుడు మనసు మార్చుకుంటడు."

"తాళమేసి పోతున్నడు అబ్బా."

"నేను మాట్లాడ్త లే."

మాట్లాడలేదు. అల్లుడికి ఫోను కలిపి కుశలమడిగి పెట్టేసేవాడు. ఒక్క మాట తాను "రా" అంటే బిడ్డ వచ్చేస్తుందని షఫీకి తెలుసు. ఆ ఒక్క మాట ఆయన గొంతు దాటి రాదు. వస్తే ఊరు ఏమంటుంది? షఫీ సొంత బిడ్డే ఎనుకకు వచ్చిందట అంటుంది. భార్య షహర్ బాను పళ్ళెం ముందర పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. ఆ ఇంట్లో చెంచా చప్పుడు తప్ప వేరే చప్పుడు లేకుండా అయింది.

అట్లాంటి రోజుల్లో అలియాబాద్ సుధాకర్ రెడ్డి కబురు పెట్టాడు. తాతల నాటి భూములు ఉన్నవాడు, కొన్ని ప్లాట్లుగా మార్చినవాడు. ఆయన బిడ్డ భవిత పెండ్లి.

"పటేలా, నా బండి ఏడున్నది? డీజిల్ కారు తుక్కుకు పోయె. నా కండ్లు గూడ తుక్కుకు పోయే యాళ్ళయింది" అన్నాడు షఫీ నవ్వుతూ.

"బండి పిల్లదే. కొలువు జేసి కొనుక్కున్నది, కరెంటు బండి. గందుట్లనే అత్తగారింటికి పోతనంటది. నడిపేది నువ్వే అంటది."

లోపలినుంచి భవిత వచ్చింది. "మా అమ్మను ఈ ఇంటికి తెచ్చింది నువ్వే గద చాచా. నన్ను ఇంకెవరు తీస్కపోతరు?" అంది. ఆ మాటకు షఫీ కండ్లలో నీళ్ళు తిరిగాయి. కరెంటు బండి అయినా, గాలి బండి అయినా నడుపుతానన్నాడు.

పెండ్లికొడుకు సుజిత్‌ది ఆదిలాబాద్. కొలువులు ఇద్దరికీ ఇక్కడే కాబట్టి కాపురం మేడ్చల్‌లోనే పెడతారు. కాకపోతే మొదటి గడప తొక్కాల్సింది ఆదిలాబాద్‌లో. అక్కడినుంచి అందరూ కలిసి వ్యానులో యాత్రకు పోతారట, అందుకని కారును షఫీయే మరునాడు ఖాళీగా తెచ్చేయాలి.

రెండు సాయంత్రాలు భవిత ఆయనకు శామీర్‌పేట సర్వీసు రోడ్డు మీద బండి నేర్పింది. "గేర్లు మార్చుడు లేదు చాచా. ముందుకు, ఎనుకకు, న్యూట్రల్, గంతే. దిగుడుల కాలు తీసేస్తే సాలు, బండే తనను తాను పట్టుకుంటది, మళ్ళ చార్జింగ్ గూడ నింపుకుంటది. ఆర్మూరు దాటినంక హోటల్ల చార్జింగ్ పెట్టాలె, మర్వకు" అంది. షఫీ అన్నిటికీ తలూపాడు. తలూపడానికీ తలకెక్కడానికీ చాలా దూరం. పాత డీజిల్ డ్రైవర్లకు ఒక అలవాటు ఉంటుంది. దిగుడు కనబడితే చాలు, బండిని న్యూట్రల్‌లో పడేసి, ఇంధనం మిగిలిందని మురిసిపోతారు. ఆ అలవాటు ఆయన చేతిలో నలభై ఏండ్లుగా కాపురం ఉంది, రెండు సాయంత్రాలకే ఇల్లు ఖాళీ చేస్తుందా?

పెండ్లి మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. షఫీ పొద్దున్నే వచ్చి, దారి చూసుకుని, కారు మొహం రోడ్డు వైపు పెట్టి నిలిపాడు. మధ్యాహ్నం అప్పగింతలు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. సకినాల బుట్టలు, గరిజల బుట్టలు వెనక సర్దారు. తల్లీబిడ్డలు ఒకరినొకరు పట్టుకుని ఏడుపు మొదలుపెట్టారు. మామూలుగా అయితే ఈ ఘట్టంలో షఫీకి ఒక పని ఉండేది. ఏడుపు హద్దు దాటుతుందనగా ఆయన ఇంజన్ స్టార్టు చేసేవాడు. ఆ గుర్రుమనే చప్పుడు వినబడగానే తల్లుల చేతులు వాటంతటవే సడలేవి. ఇప్పుడూ అలవాటుగా మీట నొక్కాడు. అద్దం ముందర ఏవో దీపాలు వెలిగాయి గానీ చప్పుడు లేదు. ఎవరికీ తెలియలేదు. ఏడుపు సాగుతూనే ఉంది. చివరికి ఆయనే దిగి వచ్చి, "ఇగ సాలు వదినమ్మా, బండి పిలుస్తాంది" అని చేతులు విడిపించాల్సి వచ్చింది. ఇన్నేండ్లలో ఆ పని ఎప్పుడూ తన చేతులతో చేయలేదు. తల్లి వేళ్ళు అంత గట్టిగా పట్టుకుంటాయని ఆయనకు అప్పుడే తెలిసింది.

వెనక సీట్లో పెండ్లికూతురు, పెండ్లికొడుకు. ముందర షఫీ పక్కన భవిత పెద్దమ్మ సుశీల, పిల్ల వెంట తోడుగా పోయేది ఆమే. సుశీలమ్మకు శకునాల మీద పట్టింపు ఎక్కువ. దారిలో పిల్లి ఎదురైతే, ఆ పిల్లికే కీడు జరగాలని తిట్టే రకం. దీపాలు పెట్టే వేళకల్లా గడప తొక్కాలని ఆమెకు ఒకటే తొందర.

బండి తూప్రాన్ దాటింది. బిక్కనూరు దాటింది. రోడ్డు మీద కామారెడ్డి బోర్డు కనబడేసరికి షఫీ చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. బైపాస్ నుంచి ఎడమకు తిరిగితే ఆ గల్లీ ఎంతో దూరం లేదు. ఈ క్షణాన అక్కడ ఒక తలుపుకు తాళం ఉంది, ఆ తలుపు వెనక తన బిడ్డ ఉంది.

"సుమేరా అక్క ఇక్కడనే గద చాచా? ఎట్లున్నది?" అని వెనకనుంచి భవిత అడిగింది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బడికి వెళ్ళేవాళ్ళు.

"మంచిగున్నది బిడ్డా. మస్తు మంచిగున్నది."

రాత్రంతా నిద్ర లేని పెండ్లివాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోయారు. షఫీ కనబడిన ప్రతి దిగుడులోనూ బండిని న్యూట్రల్‌లో పడేశాడు. చప్పుడు లేని బండి ఇంకా చప్పుడు లేకుండా జారుతుంటే మొత్తానికి దీనికి కూడా మన విద్య పనికొచ్చిందనుకున్నాడు. ఆర్మూరు దాటాక చార్జింగ్ హోటల్ వచ్చింది. ఆగాలి. ఎదుట చార్జింగ్ చూపించే గీతల్లో సగానికి కొంచెం తక్కువ ఉంది. డీజిల్ బండిలో సగం ట్యాంకు ఉంటే ఎవడైనా బంకులో ఆగుతాడా?

"ఎందుకు మెల్లగ జేస్తున్నవ్ షఫీ?" అంది సుశీల.

"పిల్ల గీడ ఆపుమన్నది సుశీలమ్మా."

"నడుమల ఆపుడేంది? నీ బండి గూడ ఆగబట్టెనా? ఘడియ దాటిపోతది, నడువు."

తనకు కావలసిన మాట ఆమె నోట వచ్చింది. షఫీ ఆపలేదు. గోదావరి వంతెన మీద సుశీలమ్మ రూపాయి బిళ్ళ విసిరి దండం పెట్టుకుంది. నిర్మల్‌లో ఇంకో హోటల్ వచ్చింది, అక్కడా చార్జింగ్ ఉంది. ఆదిలాబాద్‌కు సరిపోను చార్జింగ్, పైన కొంచెం మిగులు కూడా ఉన్నట్టు బండి అంకెల్లో చూపిస్తూనే ఉంది. షఫీ దాన్నీ దాటేశాడు.

నిర్మల్ దాటాక ఘాట్ ఎక్కాలి. రెండువైపులా టేకు చెట్లు, పైపైకి పోయే మలుపులు. ఎక్కుడు మొదలైన కాసేపటికే ఆ మిగులు కాస్తా మాయమైంది. తర్వాతి మలుపుకు అంకె ఇంకా పడింది. చిల్లుపడ్డ కుండలో నీళ్ళలాగా అది తగ్గిపోతుంటే షఫీ ఏసీ ఆపాడు. వేగం తగ్గించాడు. తెలిసిన దువాలన్నీ చదివాడు. బండి మాత్రం తన లెక్క తాను చూసుకుంటోంది. ఉక్కకు భవిత లేచింది. ముందుకు వంగి అద్దం ముందర చూసి ఉలిక్కిపడింది.

"చాచా! ఆర్మూరుల చార్జింగ్ పెట్టలేదా?"

"లేదు బిడ్డా. సగముంటే సాలనుకున్న."

సుజిత్ ఫోనులో వెతికాడు. ముందున్న చార్జింగ్ ఘాట్ ఎక్కి దిగాక చాలా దూరంలో ఉంది, అందదు. నిర్మల్ హోటల్ వెనక ఉంది. "ఎనుకకు తిప్పు చాచా" అంది భవిత. "అంత దిగుడే. దిగుతుంటే బండే నింపుకుంటది, హాయిగ అందుకుంటం."

షఫీ బండిని పక్కకు ఆపాడు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, కదలలేదు. ముందుకు పోతే అడవిలో నిలిచిపోతుంది. వెనక్కి తిప్పితే నలభై ఏండ్ల నియమం పోతుంది. పెండ్లికూతురు ఉన్న బండిని ఆయన ఏనాడూ మలిపి తేలేదు.

"తిప్పొద్దు షఫీ!" అంది సుశీలమ్మ గుండె మీద చేయి వేసుకుని. "పెండ్లిపిల్లను మలిపి తెస్తరా ఎవరన్న? గంత అరిష్టం ఇంకోటి లేదు. నూకుకుంట పోయినా సరే, ముందుకే పోవాలె."

"ఎవరు నూకుతరు పెద్దమ్మా, నువ్వు నూకుతవా?" అని భవిత నవ్వింది. నవ్వు ఆగిపోయాక షఫీ మొహం చూసింది. ఆయన కండ్లు నిండి ఉన్నాయి. ఆమె గొంతు తగ్గించింది.

"చాచా, ఒక్క మాటడుగుత. రేపు నాకు ఆ ఇంట్ల ఏమన్న అయి, వచ్చి తీస్కపొమ్మని ఫోను జేస్తే? అప్పుడు గూడ బండి మలుపొద్దంటరా మీరు?"

పక్కన కూర్చున్న కొత్త పెండ్లికొడుకు ఏమంటాడో అని సుశీలమ్మ కంగారుగా వెనక్కి చూసింది. సుజిత్ ఏమీ అనుకోలేదు. "నాకైతే ఎనుకకు మలిగే బండే నయమనిపిస్తాంది అత్తమ్మా. ఆగిపోయే బండి కన్న" అన్నాడు. సుశీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి టేకు చెట్లను చూడసాగింది.

షఫీ చెవిలో మోగుతున్నది భవిత గొంతు కాదు. అబ్బా, ఒక్కసారి వచ్చి నన్ను తీస్కపో. ఎన్నిసార్లు విన్నాడు ఆ మాట! విని ప్రతిసారీ ఏమన్నాడు! సబర్ అన్నాడు. ఆ క్షణంలో ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. ముందరున్న డివైడర్ సందు దాకా బండిని మెల్లగా తీసుకుపోయి, బిస్మిల్లా అని, నిర్మల్ వైపు తిప్పాడు.

"న్యూట్రల్ ఎయ్యకు చాచా, అండ్ల చార్జింగ్ నిండదు. కాలు తీసెయ్, అంతే" అంది భవిత. షఫీ ఉలిక్కిపడ్డాడు. ఆ సంగతి కూడా ఆమెకు తెలిసిపోయింది.

కాలు తీశాడు. బండి ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు నిదానించి, బుద్ధిగా దిగసాగింది. ఒక మలుపు దిగాక అంకె ఒకటి పెరిగింది. ఇంకో మలుపుకు ఇంకొకటి పెరిగింది. ఎక్కేటప్పుడు తిన్నదాంట్లో కొంత బండి దిగేటప్పుడు తిరిగి ఇచ్చేస్తోంది. షఫీ నోరు తెరిచి చూశాడు. డీజిల్ బండిలో పోయింది పోయినట్టే, తిరిగి రావడమన్నది ఆయన ఎరుగడు.

"నిండుతాంది సుశీలమ్మా, చూడు!" అన్నాడు చిన్నపిల్లవాడిలా. సుశీలమ్మ ఓరగా చూసింది. ఆమె మొహంలో కూడా కొంచెం వెలుగు వచ్చింది గానీ, ఒప్పుకోవడం ఆమె వంశంలో లేదు.

నిర్మల్ హోటల్ దగ్గర తీగ తగిలించారు. పట్టుచీర, బాసికం, కాళ్ళ పారాణితో పెండ్లికూతురు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటుంటే దారినపోయే వాళ్ళంతా నిలబడి చూశారు. సుజిత్ వాళ్ళ ఇంటికి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పాడు. షఫీ చాయ్ గ్లాసు పట్టుకుని భవిత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కామారెడ్డిల నీకు అబద్ధం జెప్పిన బిడ్డా."

"ఏంది చాచా?"

"సుమేరా మంచిగ లేదు." ఆ తర్వాత ఆగకుండా అంతా చెప్పేశాడు. బడి, ఫోను, తాళం, తన సబర్. చెబుతుంటే చాయ్ చల్లారిపోయింది. భవిత బజ్జీ పక్కన పెట్టింది. ఒకటే మాట అంది.

"రేపు బండి ఖాళీగనే పోతది గద చాచా."

దీపాలు పెట్టే వేళ దాటాకే ఆదిలాబాద్ చేరారు. గడపలో హారతి పట్టుకున్న అత్తగారు "గింత ఆలస్యమైందేంది వదినా?" అని అడిగింది. దారంతా అరిష్టమన్న సుశీలమ్మ ఎట్లా బదులిస్తుందోనని షఫీ బిగుసుకుపోయాడు. ఆమె కొంగు సవరించుకుంది. "పిల్లకు ఆకలైంది. ఆపి తినిపిచ్చినం. మా పిల్లను ఉపాసం తెస్తమా?" అని దర్జాగా అనేసి లోపలికి నడిచింది. ఆ ఒక్క మాటకు షఫీ ఆమె శకునాల పిచ్చి అంతా మాఫీ చేశాడు.

మరునాడు పొద్దున బండికి నిండా చార్జింగ్ పెట్టుకుని బయల్దేరాడు. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ జోలికి పోలేదు. కామారెడ్డి బోర్డు కనబడగానే బైపాస్ విడిచి ఊళ్ళోకి తిరిగాడు. నేరుగా ఫైజ్ దుకాణం ముందర ఆపాడు.

ఫైజ్ ఎవరికో షర్టు గుడ్డ కొలుస్తున్నాడు. మామను చూసి నవ్వుతూ లేచాడు. "మామూ! ఎప్పుడొచ్చిండ్రు? కూసోండ్రి, చాయ్ తెప్పిస్త."

"తాళంచెవి ఇయ్యి ఫైజ్."

ఫైజ్ చేతిలో గజంబద్ద ఆగిపోయింది. గిరాకీల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఒక్కతే ఉంటది మామూ. జమానా మంచిగ లేదు. హిఫాజత్ కోసమే, భద్రంగ ఉండాలనే గద."

"నువ్వు తాళమేసిన నాడే నేను రావాల్సింది. రాలేదు, గది నా తప్పు. ఇప్పుడొచ్చిన. ఇయ్యి."

అరిచి చెప్పలేదు. అరిచి ఉంటే ఫైజ్ కూడా అరిచేవాడే. ఆ ముసలాయన చాచిన చేయి వెనక్కి పోవడం లేదు. ఫైజ్ జేబులోంచి తాళంచెవి తీసి అందులో పెట్టాడు. "ఒకసారి పోతే మళ్ళ నా ఇంటికి రావద్దు మరి" అన్నాడు.

"రావాల్నో వద్దో నా బిడ్డ జెప్తది. నువ్వూ కాదు, నేనూ కాదు."

గల్లీ మొగదల దగ్గర షఫీ క్షణం ఆగాడు. మూడేండ్ల కింద బండి నిలిపింది ఇక్కడే. బిడ్డను నడిపించింది ఇక్కడినుంచే. లోపలికి పోతే మలుపుకునే జాగా లేదని ఆయనకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. స్టీరింగు తిప్పి బండిని లోపలికే పోనిచ్చాడు. రెండు పక్కలా గోడలకు జానెడు సందు. అరుగుల మీది ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. చివరి ఇంటి ముందర ఆపి, దిగి, తాళం తీశాడు.

సుమేరా వేళ గాని వేళ తలుపు తెరుచుకోవడం చూసి భయపడి లేచి నిలబడింది. తండ్రిని చూడగానే మొహం పాలిపోయింది.

"అమ్మీకి ఏమన్న అయిందా అబ్బా?"

ఆ మాటకు షఫీ గుండె చెరువైంది. ఎవరో చస్తే తప్ప తండ్రి ఈ గడపకు రాడని బిడ్డ అనుకున్నది.

"ఎవ్వరికేం కాలేదు బేటీ. నీ కోసమే వచ్చిన. తీస్కపోను వచ్చిన."

ఆమె ఏడవలేదు. కాసేపు ఆయన మొహంలోకి చూసింది, నిజమేనా అన్నట్టు. తర్వాత లోపలికి పోయి నాలుగు జతల బట్టలు, తన చదువు కాగితాలు ఒక సంచిలో వేసుకుని వచ్చింది. షఫీ కారు ముందర తలుపు తెరిచి పట్టుకున్నాడు. సుమేరా కూర్చుంది.

గల్లీ గల్లీ అంతా గడపల్లోకి వచ్చింది. పిట్టగోడ మీదినుంచి ఫోను అందించిన పక్కింటావిడ కూడా వచ్చి నిలబడింది. షఫీ మీట నొక్కాడు, చప్పుడు లేదు. వెనుక గేరు వేశాడు. అప్పుడు మాత్రం బండి కీక్ కీక్‌మని అందరికీ వినబడేలా అరవడం మొదలుపెట్టింది. సుమేరా దుపట్టా మొహం మీదికి లాక్కుంది.

"అబ్బా, అందరు చూస్తున్నరు."

"చూడనీ బేటీ."

ఆయన ఒక చేయి బిడ్డ సీటు మీద వేసి, మెడ తిప్పి వెనక్కి చూశాడు. సుమేరా మెల్లగా దుపట్టా దించి, తాను కూడా వెనక్కి తిరిగి గోడ చూస్తూ, "ఇటు జాగ ఉన్నది అబ్బా, రానీ" అంది.

ఆ గల్లీ చివరి ఇంటి నుంచి మొగదల దాకా, అందరూ చూస్తుండగా, షఫీ బండి ఎనుకకే వచ్చింది.